తొలకరి ఆకుకూరలు: ఏరుకోవాలా, కొనాలా, కుండీలో వేసుకోవాలా?

మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడితే చాలు, పొలంగట్ల మీద, పెరట్లో, ఖాళీ జాగాల్లో ఎవరూ విత్తని కూరలు లేస్తాయి. గంగవాయిలి, చెంచలి, గునుగు, తుమ్మి, అటికమామిడి, పొన్నగంటి. పల్లెలో పెరిగినవాళ్ళకు ఇవేమీ కొత్త కాదు. ఈమధ్య పట్నాల్లో ఉంటున్నవాళ్ళకు కూడా వీటి మీద మనసు మళ్ళుతోంది. నాకు అది చాలా సంతోషం కలిగించే విషయం. కలుపు కింద పీకి గట్టున పడేసే మొక్కల్లో ఇంత మంచి తిండి ఉందని ఇంకా చాలామందికి తెలియాలి.

అయితే "దేంతో మొదలుపెట్టాలి?" అని అడిగితే ఎక్కువమంది రుచిని బట్టో, ఒంటికి చేసే మేలును బట్టో చెబుతారు. నేను మాత్రం ముందు రెండే చూడమంటాను. ఆ మొక్కను మరో మొక్క అనుకునే ప్రమాదం ఎంత ఉంది? అది ఏ నేలలో మొలిచింది? ఈ రెండూ తేలితే ఏ కూర మనమే ఏరుకోవచ్చో, ఏది సంతలో కొనుక్కోవడం మేలో, దేన్ని కుండీలో పెంచుకోవాలో దానంతటదే తెలుస్తుంది. వంట సంగతి ఆ తర్వాత.

ముందు నేల

ఒకే గంగవాయిలి మొక్క మీ పెరట్లో మొలిస్తే కూర అవుతుంది, నాలా పక్కన మొలిస్తే ముట్టుకోకూడదు. ఆకుకూరలు నేలలో ఉన్న సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను వేళ్ళ నుంచి లాక్కుని ఆకుల్లో దాచుకుంటాయి. "బాగా కడుగుతాం కదా" అంటారు. కడిగితే మట్టి పోతుంది, పైనున్న దుమ్ము చాలావరకు పోతుంది. ఆకు లోపలికి చేరింది కడిగినా పోదు, ఉడికించినా పోదు. అందుకే మూసీ వెంబడి, ఫ్యాక్టరీల పక్కన, మెకానిక్ షెడ్ల వెనక, వాహనాలు తెగ తిరిగే రోడ్డు అంచున ఎంత నవనవలాడుతున్నా కోయకండి. కుక్కలు తిరిగే పార్కు మూలలు కూడా వద్దు.

పల్లెకు వెళ్తే ఈ బాధ ఉండదనుకుంటాం. అక్కడ ఇంకో బాధ ఉంది, గడ్డిమందు. పత్తి చేలల్లో, మక్క చేలల్లో కూలీలు దొరక్క ఇప్పుడు కలుపుకి మందు కొట్టడం మామూలైపోయింది. కొన్ని మందులు కొట్టాక నాలుగైదు రోజుల దాకా మొక్క పచ్చగానే నిలబడి ఉంటుంది. ఆకు అంచులు పసుపు తిరగడం, కాడ మెలి తిరగడం కనిపిస్తే సరే, గుర్తుపట్టి వదిలేస్తాం. కనిపించనంత మాత్రాన మందు లేదనుకోవడానికి లేదు. కాబట్టి ఆ చేను రైతును అడగండి. ఎలాగూ ఆయన చేలో కోస్తున్నాం కాబట్టి అడగడం మర్యాద కూడా. "ఈ వానాకాలం మందు కొట్టలేదు, కలుపు తీయిస్తున్నాం" అన్నారంటే అంతకంటే మంచి చోటు లేదు. కలుపు తీసే ఆడవాళ్ళు అక్కడే ఉంటారు, వాళ్ళకు తెలియని ఆకు ఉండదు. ఒక పూట వాళ్ళ వెంట నడిచి నేర్చుకున్నది ఏ ఫోన్ యాప్ చెప్పలేదు.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ విత్తని కూరలను ఏళ్ళ తరబడి కాపాడుకొస్తున్నాయి. అక్కడ జొన్న, కంది, కొర్ర లాంటివి కలిపి వేస్తారు, రసాయనాలు వాడరు. ఆ చేలల్లో పంటతో పాటు పదుల రకాల ఆకులు దొరుకుతాయి. ఒకే పంట వేసి గడ్డిమందు కొట్టే చేలో అవి మిగలవు. ఈ కూరలు తగ్గిపోవడానికి మనం వాటిని మరిచిపోవడం ఒక్కటే కారణం కాదు.

మొదటిసారి ఏరేవాళ్ళకు గంగవాయిలి

తెలంగాణలో గంగవాయిలి, ఆంధ్రలో పాయలకూర, పావిలికూర, గంగపాయల. నా లెక్కలో కొత్తవాళ్ళు మొదలుపెట్టాల్సింది దీంతోనే. నేలను అంటుకుని పాకుతుంది. కాడ నున్నగా, ఎర్రగా, నీళ్ళు నిండినట్టు ఉంటుంది. ఆకు చిన్నదే గానీ దళసరి. కాడ దగ్గర సన్నగా మొదలై చివరికి గుండ్రంగా వెడల్పు అవుతుంది. చిన్న పసుపు పువ్వు పూస్తుంది.

దీంతో పొరబడే మొక్కలు రెండు ఉన్నాయి. ఒకటి నేల మీద పాకే నానబాలు జాతి. అదీ ఇదీ ఒకే సిమెంటు పగులులో పక్కపక్కనే మొలుస్తాయి. తేడా తెలుసుకోవడం తేలిక. కాడ విరవండి. నీళ్ళలాంటి రసం వస్తే గంగవాయిలి, తెల్లటి పాలు కారితే నానబాలు. పాలు కారింది వంటకు పనికిరాదు. కట్టగా కోసేటప్పుడు కూడా కాడ కాడా చూసుకోవాలి, ఒకటి విరిచి చూసి మిగతావన్నీ అదే అనుకోకూడదు. రెండోది తెల్ల గలిజేరు. దాని ఆకు కూడా దళసరిగానే ఉంటుంది, కాకపోతే పువ్వు గులాబీ రంగు కలిసిన తెలుపు, జంట ఆకుల్లో ఒకటి పెద్దది ఒకటి చిన్నది. లేతగా ఉన్నప్పుడు దాన్నీ వండుకుంటారు, ముదిరితే మాత్రం విరేచనాలు పట్టుకుంటాయి. కొత్తవాళ్ళు వదిలేయడమే నయం.

గంగవాయిలిలో నాకు ముచ్చట గొలిపే సంగతి ఒకటుంది. తెల్లవారుజామున కోసిన ఆకు పుల్లగా ఉంటుంది, సాయంత్రం కోసింది అంత పుల్లగా ఉండదు. నేలలో తేమ తగ్గినప్పుడు ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసేసి, రాత్రి తెరిచి, పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా నిల్వ చేస్తుంది. పొద్దెక్కే కొద్దీ దాన్ని వాడేసుకుంటుంది. కాబట్టి పప్పులో చింతపండు తగ్గించాలంటే పొద్దున్నే కోయండి, పిల్లలకు పులుపు పడకపోతే సాయంత్రం కోయండి.

పోషకాల మాటకొస్తే, మొక్కల్లో దొరికే ఒమేగా 3 కొవ్వు మిగతా ఆకుకూరల కంటే దీనిలో బాగా ఎక్కువ. దాంతోపాటే ఆక్సలేట్లు కూడా ఎక్కువ. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు దీన్ని రోజువారీ కూరగా పెట్టుకోకూడదు. ఎప్పుడైనా తినాలనిపిస్తే ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి, పెరుగుపచ్చడి చేసుకోవడం మంచిది. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను కడుపులోనే పట్టేసుకుంటుంది.

ఇది కుండీలో కూడా జామ్మని వస్తుంది. కాడ ముక్క గుచ్చితే చాలు. నర్సరీలో అమ్మే టేబుల్ రోజ్ దీని చుట్టమే గానీ అది పూల కోసం పెంచేది, నర్సరీలో దానికి ఏ మందులు కొట్టారో తెలియదు. దాన్ని కూర వండుకోకండి.

పొన్నగంటి ఏరవద్దు, కొని నాటుకోండి

పొన్నగంటి నాకు ఎంతో ఇష్టమైన కూర. అయినా ఏరుకోమని ఎవరికీ చెప్పను. అది తేమ ఉన్నచోట, కాలువ గట్టు మీద, కుంట అంచున పెరుగుతుంది. మన పట్నాల్లో తేమ ఉన్నచోటంటే ఎక్కువగా మురుగే. పైగా అచ్చం దానిలాగే ఉండే విదేశీ కలుపు ఒకటి మురుగు కుంటల్లో చాపలా పరుచుకుంటుంది. దాని కాడ లోపల బోలుగా ఉంటుంది, తెల్లటి పూలగుత్తి పొడవాటి తొడిమ మీద నిలబడుతుంది. అసలు పొన్నగంటికి పూలు తొడిమ లేకుండా ఆకు మొదట్లోనే అంటుకుని ఉంటాయి. తేడా చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, పూత లేని రోజుల్లో కుంట గట్టున నిలబడి తేల్చుకోవడం మాత్రం కష్టం.

రైతుబజారులో ఒక కట్ట కొనండి. లేత ఆకులు గిల్లి వండుకుని, మిగిలిన కాడల్లో కణుపులు ఉన్నవి జానెడు ముక్కలు చేసి కుండీలో గుచ్చండి. ప్రతి కణుపు దగ్గరా వేరు వస్తుంది. అర ఎండ చాలు, మట్టి మాత్రం ఆరిపోకూడదు. అపార్టుమెంటు బాల్కనీకి ఇంతకంటే అనువైన ఆకుకూర నాకు తెలియదు.

చేను కూరలు మూడు

చెంచలి, గునుగు, తుమ్మి. ఈ మూడూ చేలల్లోనే దొరుకుతాయి, సంతలో అరుదుగా వస్తాయి. మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది మీకు ఎవరు తోడున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

గునుగు పువ్వు తెలియని తెలంగాణ ఇల్లు ఉండదు. బతుకమ్మ పేర్చాలంటే అది ఉండాల్సిందే. ఆకు మాత్రం చాలామందికి తెలియదు. చిక్కు ఎక్కడంటే, గునుగును మనం గుర్తుపట్టేది పువ్వుతో, తినాల్సింది పూత రాకముందు. కంకి వచ్చేసరికి ఆకు పీచుగా మారిపోతుంది. అందుకని తెలిసినవాళ్ళు పక్కన లేకుండా గునుగాకు ఏరడం కుదరదు. కిందటేడు గునుగు విరగబూసిన చోటు గుర్తుంటే, ఈ ఏడు తొలకరికి అక్కడే మొలకలు వస్తాయి. ఆ చోటును ఇప్పుడే గుర్తుపెట్టుకుని, ఈ ఏడంతా ఒక మొక్కను మొలక నుంచి పూత దాకా చూస్తూ ఉండండి. వచ్చే ఏటికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

తుమ్మి దీనికి పూర్తిగా తిరగబడిన మొక్క. పూత వచ్చాక కూడా చివరి చిగుళ్ళు తినడానికి బాగుంటాయి, కాబట్టి పువ్వు చూసి గుర్తుపట్టి మరీ కోసుకోవచ్చు. నాలుగు పలకల కాడ, సన్నటి ఆకు, కాడ చుట్టూ గుత్తిగా తెల్లటి చిన్న పూలు, నలిపితే ఘాటైన వాసన. తెలంగాణలో వినాయక చవితి నాడు తుమ్మికూర వండటం ఆనవాయితీ, అందువల్ల ఆ నాలుగు రోజులూ పట్నం మార్కెట్లలో కూడా దొరుకుతుంది. సమస్య చేదు. చేదు అలవాటు లేనివాళ్ళ ఇంట్లో మొదటి కూరగా తుమ్మి పెడితే రెండోసారి ఎవరూ అడగరు. మెంతికూర, కాకర ఇష్టపడే ఇంట్లో మాత్రం దీనికి సాటి లేదు.

చెంచలి మెత్తటి మనిషి లాంటి కూర, ఎవరితోనైనా కలిసిపోతుంది. చేదు లేదు, పులుపు లేదు, ఉడికితే తోటకూర కంటే మెత్తన. లేత గులాబీ రంగు సన్నటి కంకులు వస్తాయి, అవి చూసి పోల్చుకోవచ్చు. పిల్లలకు, పళ్ళు లేని పెద్దవాళ్ళకు చేను కూరల్లో నేను చెప్పేది ఇదే. రైతు పరిచయం ఉంటే గంగవాయిలి తర్వాత రెండో కూరగా చెంచలి నేర్చుకోండి. మూడోది తుమ్మి. గునుగు ఆ తర్వాతే.

అటికమామిడి గురించి ఒక మాట. లేత ఆకు పప్పులో బాగుంటుంది. ఆయుర్వేదంలో పునర్నవ అనేది ఇదే, మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తుందని వాడతారు. బీపీకి, గుండెకు నీటి మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడిగాకే తినాలి.

చింతచిగురు ఎప్పుడూ కొనుక్కోవడమే

ఉగాది తర్వాత మొదలై తొలకరి దాకా ఉంటుంది. చింతచెట్టును పొరబడేవాళ్ళు ఎవరూ ఉండరు, ఆ లెక్కన ఇది అన్నిటికంటే భద్రమైన ఆకు. అయినా కొనమంటాను. లేత చిగురు ఉండేది చిటారు కొమ్మల్లో. అలవాటు లేనివాళ్ళు చెట్టెక్కడం ప్రమాదం, కింద అందేది ముదురు. ధర ఎక్కువ అనిపిస్తుంది గానీ, కిలో చిగురు కోయడానికి ఎంత సేపు కొమ్మ మీద నిలబడాలో తలుచుకుంటే బేరం ఆడబుద్ధి కాదు. అరచేతుల మధ్య నలిపి, పుల్లలు చెరిగేసి వాడాలి. ఎక్కువ దొరికినప్పుడు నీడలో ఆరబెట్టి సీసాలో పెడితే పప్పులోకి, ఎండు రొయ్యల్లోకి నెలల తరబడి వస్తుంది.

వీటి జోలికి వెళ్ళకండి

తగిరిస చిగురు తినేవాళ్ళు ఉన్నారు. నేను కొత్తవాళ్ళకు చెప్పను. దాని పక్కనే మొలిచే కసింద దానిలాగే ఉంటుంది, కసింద గింజలు తిని పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఉత్తరప్రదేశ్‌లో వైద్యులు నమోదు చేశారు. తగిరిసకు మూడు జతల ఆకులు, చివర గుండ్రం. కసిందకు అంతకంటే ఎక్కువ జతలు, చివర మొన. ఈ తేడా మీకు నిద్రలో లేపి అడిగినా తెలిసేదాకా ఆగండి.

ఉమ్మెత్త మొలకలు తోటకూర మొలకల మధ్య కలిసిపోతాయి. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాలో ప్యాకెట్ పాలకూరలో ఉమ్మెత్త జాతి కలుపు కలిసి వందమందికి పైగా జబ్బుపడ్డారు. యంత్రాలతో ఏరి ప్యాక్ చేసే చోటే అలా జరిగింది. గుప్పిట నిండా లాగి సంచిలో వేసుకునే పద్ధతి మానేసి, ఒక్కో చిగురూ గిల్లి చూసి వేసుకోవాలని చెప్పేది అందుకే.

ఇక పుట్టగొడుగులు. తొలి వానలకు చెదపుట్టల మీద లేచేవి ఎంత రుచో తిన్నవాళ్ళకు తెలుసు. తరతరాలుగా వాటిని ఎరిగిన కుటుంబాల నుంచి కొనుక్కోండి, మీరు ఏరకండి. వెండి నాణెం నల్లబడితే విషమని, వెల్లుల్లి రంగు మారితే విషమని, పురుగు తింటే మంచిదని చెప్పే పరీక్షలు ఏవీ నిజం కావు. ప్రాణాంతకమైన రకాల్లో చాలావాటికి తిన్న ఆరు గంటల తర్వాత గానీ వాంతులు మొదలవ్వవు. తర్వాత తగ్గినట్టే అనిపిస్తుంది, లోపల లివర్ పాడవుతూ ఉంటుంది. ఆ విషం ఉడికిస్తే పోదు.

ఏ ఆకు ఏ కూరకు

పుల్లటి ఆకు పప్పులోకి, పీచున్న ఆకు వేపుడుకి, చేదాకు పులుసులోకి. నేను పాటించే పద్ధతి ఇది.

గంగవాయిలి పప్పుకు గ్లాసు కందిపప్పుకి మూడు పిడికెళ్ళ ఆకు. లేత కాడలు పారేయకండి, రుచి వాటిలోనే ఉంది. మూడు నాలుగు నీళ్ళలో కడగాలి, నేలను అంటుకుని పెరుగుతుంది కాబట్టి ఇసుక ఎక్కువ. పప్పు పూర్తిగా ఉడికాకే ఆకు కలపండి. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు. పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి పది నిమిషాలు ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెడితే సరి. చింతపండు రుచి చూశాకే వేయండి, తరచుగా అవసరమే పడదు.

పొన్నగంటికి పెసరపప్పు. పప్పు అరగంట నానబెట్టి, ఆకు సన్నగా తరిగి, మూత పెట్టకుండా వేపాలి. మూత పెడితే నీరు వదిలి రంగు నల్లబడుతుంది. చివర్లో పచ్చికొబ్బరి. గునుగాకుకూ ఇదే పద్ధతి, కాకపోతే ముందు ఒక పొంగు ఉడికించి నీళ్ళు వంచేయాలి. జొన్నరొట్టెలోకి ఈ రెండూ దివ్యంగా ఉంటాయి.

తుమ్మి చిగుళ్ళను ఉడికించి వార్చి, ఉల్లిపాయ వేగాక వేసి, చిక్కటి చింతపండు పులుసు పోసి దగ్గరపడనివ్వాలి. దించేముందు వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు వేస్తే చేదు మెత్తబడుతుంది. చెంచలికి ఏ హంగూ అక్కర్లేదు, మామూలు పప్పుకూరే.

ఏ ఆకైనా ఇంట్లో మొదటిసారి వండితే ఆ రోజు ఆ ఒక్కటే కొత్తది ఉండాలి, తలా కాస్త మాత్రమే. రెండు మూడు కొత్తాకులు కలిపి వండి ఎవరికైనా పడకపోతే దేనివల్లో తెలియదు. గర్భిణులు కొత్త రకాలను ఆ సమయంలో మొదలుపెట్టకుండా ఉండటం మంచిది. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, విటమిన్ కె మందు పనిని అడ్డుకుంటుంది.

మీ ఇంటికి ఏది?

బాల్కనీ తప్ప వేరే చోటు లేకపోతే పొన్నగంటి, గంగవాయిలి కుండీల్లో వేసుకోండి. వారం వారం సంతకు వెళ్ళే వీలుంటే చింతచిగురు, చవితికి తుమ్మి కొనండి. ఊళ్ళో చుట్టాలుండి, వాళ్ళ చేలో గడ్డిమందు కొట్టకపోతే మీ అంత అదృష్టవంతులు లేరు, జులైలో ఒకసారి వెళ్ళి చెంచలి ఏరుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ళకు గంగవాయిలి వేసవిలో ఇంటి ముందు సిమెంటు పగుళ్ళలోనే కనిపిస్తుంది. లాన్‌కు మందు కొట్టించే చోట అది తినదగినది కాదు. మెక్సికన్ దుకాణాల్లో వెర్దొలాగస్ పేరుతో అమ్మేది ఇదే, అక్కడ కొనుక్కోండి. ఆ కట్టలోంచే నాలుగు కాడలు కుండీలో గుచ్చుకోవచ్చు.

చవితి దాటాక గునుగు పూతకు వస్తుంది, చెంచలి ముదురుతుంది. అప్పటినుంచి చలికాలం దాకా కోతకు మిగిలేవి ఎక్కువగా కుండీల్లోవే. పొన్నగంటిని పదిహేను రోజులకోసారి నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున కోసేస్తూ ఉంటే మళ్ళీ మళ్ళీ చిగురిస్తుంది. కోయకుండా వదిలేస్తే కాడ గట్టిపడి పూతకు పోతుంది. గంగవాయిలిలో మాత్రం రెండు మొక్కలను కోయకుండా పూయనివ్వండి. వాటి గింజలు ఆ మట్టిలోనే రాలి, వచ్చే వేసవి వానలకు వాటంతటవే మొలుస్తాయి.